కోసింది చూపించాలె

మత్తు డాక్టరుగా నా అనుభవాలు రాయమని మెడికల్ కాలేజీ పిల్లలు అడిగినప్పుడు మొదట వద్దన్నాను. ఈ పని సరిగా చేస్తే ఎవరికీ ఏమీ గుర్తుండదు. పేషెంటుకు అసలే గుర్తుండదు. సర్జను పేరు మనుమల దాకా చెప్పుకుంటారు. మత్తిచ్చిన మనిషిని మరునాడు వార్డులో చూసి, "ఈమె ఎవలు?" అని పక్క మంచాన్ని అడుగుతారు.

పోయిన ఏడాది నరహరి సార్ సంస్మరణ సభకు వెళ్లి వచ్చాక మనసు మార్చుకున్నాను. వరంగల్‌లో మా పెద్ద దవాఖానలో ఆయన సర్జను, నేను మత్తు డాక్టరును. డెబ్బైల చివరి నుంచి ఎనభైల చివరి దాకా ఒకే టేబులు దగ్గర పనిచేశాం. సభలో ఒకరు ఆయనను మహావృక్షం అన్నారు. ఇంకొకరు హిమాలయం అన్నారు. సార్ పొట్టి మనిషి. కింద చెక్క పీట వేసుకుంటే తప్ప ఆయనకు ఆపరేషన్ టేబులు అందేది కాదు. ఆ పీట సంగతి సభలో ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది అదేనని నాకు అనిపించింది.

ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి రాయను. అవి అందరికీ ఒకలాగే వస్తాయి, ఒకలాగే ఆగిపోతాయి. ముఖ్యంగా ఒక కేసు చెబుతాను. మిగతావి దాని వెంట వస్తే రానివ్వండి.

మా థియేటరు

నేను చేరిన రోజుల్లో ఇప్పటి మానిటర్లు లేవు. పేషెంటు నాడి మీద నా వేళ్లు, చేతికి బీపీ పట్టీ, ఛాతీ మీద అతికించిన స్టెతస్కోపు. పెదవుల రంగు చూసేదాన్ని, గోళ్ల రంగు చూసేదాన్ని. కరెంటు పోతే యాకూబ్ టార్చ్ పట్టుకునేవాడు. యాకూబ్ మా థియేటర్ అటెండరు. ఆ వెలుతురు సర్జను చేతుల మీద పడాలా, పేషెంటు ముఖం మీద పడాలా అని సార్‌కూ నాకూ తగాదా. యాకూబ్ న్యాయమైన మనిషి. చెరి కాసేపు పట్టేవాడు. దాంతో ఇద్దరికీ ఏదీ సరిగా కనిపించేది కాదు.

సార్ నోరు మంచిది కాదు. "నిద్రపోయింది పేషెంటా, నువ్వా?" అని నన్ను అడగని రోజు లేదు. సిస్టరు కత్తెర అందించడం ఒక్క క్షణం ఆలస్యమైతే, "మీ ఊర్ల కత్తెరను చూసిన్రా ఎన్నడన్న?" అనేవారు. కొత్తగా చేరినవాళ్లు గోడ వైపు తిరిగి ఏడ్చేవారు. పాతవాళ్లకు ఒక రహస్యం తెలుసు. తిట్లు వినబడుతున్నంతసేపు ఆపరేషన్ సాఫీగా సాగుతున్నట్టు లెక్క. లోపల రక్తం ఆగనప్పుడు మాత్రం ఆయన గొంతు మెత్తబడేది. "సిస్టర్ గారూ, ఆ క్లాంపు జర ఇప్పిస్తరా అండీ?" అనేవారు. ఆ "గారు" వినగానే సిస్టరు ఇంకో రెండు క్లాంపులు తీసి పెట్టుకునేది. నేను రక్తం సీసా అందుకునేదాన్ని. హౌస్ సర్జన్లు మాత్రం, "సార్ ఇవాళ మంచి మూడ్‌లో ఉన్నారు" అని గుసగుసలాడేవారు.

ట్రే

మా దవాఖానలో ఒక రివాజు ఉండేది. ఏ పుస్తకంలోనూ లేదు. లోపలి నుంచి ఏది తీసినా, రాయి కానీ గడ్డ కానీ, ట్రేలో పెట్టి బయట కూర్చున్న మనుషులకు చూపించాలి. యాకూబ్ థియేటర్ తలుపు తెరిచి పేరు పిలవగానే వరండాలో ఉన్నవాళ్లందరూ లేచేవారు. ఎవరిదైనా సరే అందరూ చూసేవారు. తరువాత అభిప్రాయాలు చెప్పేవారు.

హన్మకొండలో ఒక బట్టల దుకాణం షావుకారు, తన మూత్రాశయంలోంచి తీసిన రాయిని ఇంటికి తీసుకుపోయి గల్లాపెట్టె పక్కన గాజు గ్లాసులో పెట్టుకున్నాడు. చీరలకు వచ్చినవాళ్లకు ముందు రాయి చూపించి, ఆ తరువాత చీరలు చూపించేవాడు. బేరం తగ్గించమని అడగడానికి ఎవరికీ మనసొప్పేది కాదట.

నరహరి సార్‌కు ముందు ఉన్న పెద్ద సర్జను ఈ రివాజును అనాగరికం అనేవారు. ఆయన ఒకసారి ఒక రైతుకు హెర్నియా సరిచేసి, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లిపోయారు. హెర్నియాలో చూపించడానికి ఏమీ ఉండదు. అది నిజమే. ఆ మాట ఆ రైతు అన్నదమ్ములకు చెప్పేవాళ్లు ఉండాలి కదా. "ఏదో తీసిండు, దాసుకున్నడు" అని ఊరంతా అనుకున్నారు. చాలాకాలం ఆ ఊరి నుంచి మా దవాఖానకు ఒక్క మనిషి రాలేదు. లోపల ఏం జరిగిందో తెలుసుకోవడం బయట కూర్చున్నవాళ్ల హక్కు. మన మాటలు వాళ్లకు అర్థం కాకపోవచ్చు. ట్రే అర్థమవుతుంది.

కేసముద్రం దడువాయి

కొమురయ్య కేసముద్రం మార్కెట్ యార్డులో దడువాయి, అంటే బస్తాలను కాంటా మీద తూచే మనిషి. రైతు, వ్యాపారి ఇద్దరూ ఆయన మాట వినవలసిందే. కాంటా ముల్లు నిలబడ్డాక ఆయన చెప్పిందే బరువు. మనిషి ఎత్తుగా, బిగువుగా ఉన్నాడు. వెంట భార్య సమ్మక్క వచ్చింది.

"నొప్పి ఉన్నదా?" అని సార్ అడిగారు.

"నొప్పి లేదు, సలపరం లేదు. మూత్రం ఎర్రగ పోతాంది, గంతే. గీమెనే ఫికర్ పడి తోలుకచ్చింది."

"గంతేనట!" అంది సమ్మక్క. "నెత్తురు పోతాంటే, మిర్చి కాంటాల వేడి చేసిందన్నడు సారూ. మజ్జిగ తాగిపిచ్చి తాగిపిచ్చి నా బర్రె వట్టిపోయింది గని ఈయన నెత్తురు ఆగలే."

చేతి నరంలోకి మందు ఎక్కించి కిడ్నీల ఎక్స్‌రేలు తీశాం. ఎడమది చక్కగా ఉంది. కుడిదాని కింది సగంలో గడ్డ. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. అంటే క్యాన్సర్ ఇంకా కిడ్నీ దాటినట్టు లేదు. ఇప్పుడు కిడ్నీ తీసేస్తే మనిషి దక్కుతాడు. ఆలస్యమైతే దక్కడు. ఆ రోజుల్లో దానికి కత్తి తప్ప ఇంకో దారి లేదు.

సార్ ఎక్స్‌రేను కిటికీకి అడ్డంగా పట్టి చూపించారు. కొమురయ్య కళ్లు చికిలించి చూశాడు.

"గిది పొగ లెక్కున్నది సారూ. మచ్చు ఏది?"

మచ్చు అంటే బస్తాలోంచి తీసి చూపించే పిడికెడు సరుకు. అది చూడకుండా యార్డులో ఎవరూ బేరమాడరు.

"కిడ్నీకి మచ్చు తీయరాదు," అన్నారు సార్. "సూదితో గుచ్చితే గడ్డ పక్కకు పాకుతది."

"మచ్చు తీయరాదంటవు. బస్తా మొత్తం ఇయ్యిమంటవు. గిదేం బేరం?"

"బేరం కాదయ్యా, నీ పాణం!"

"నా పాణమే గద. గందుకే అడుగుతాన."

మరునాడు రౌండ్స్‌కు వెళితే మంచం మీద సమ్మక్క ఒక్కతే కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. కొమురయ్య పాసింజర్ రైలెక్కి వెళ్లిపోయాడు.

"నువ్వెందుకున్నవమ్మా మరి?" అని అడిగాను.

"మంచం ఇంకోళ్లకు ఇత్తరు గదా డాక్టరమ్మా. మీరు ఆయనను తెచ్చేదాంక నేను పట్టుకోని కూసుంట."

మేము తెస్తామని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

తువ్వాల కింద

సార్ ఆ పూటంతా దొరికినవాళ్లను దొరికినట్టు తిట్టారు. తరువాత సెలవు పెట్టారు. నన్ను కూడా పెట్టమన్నారు. "నీకు మాట్లాడుడు వస్తది. నాకు తిట్టుడు వస్తది. రెండూ అవసరం పడుతయి," అన్నారు.

మేము కేసముద్రం వెళ్లేసరికి యార్డులో మిర్చి కాంటాలు నడుస్తున్నాయి. కొమురయ్య మమ్మల్ని చూశాడు. చూడనట్టే ఉన్నాడు. కాంటా నడుస్తుండగా దడువాయిని పలకరించకూడదని అక్కడి పెద్ద హమాలీ లింగయ్య మాకు సైగ చేసి చెప్పాడు. తన థియేటర్లో ఎవరైనా దగ్గితే కసురుకునే సార్, ఆ ఘాటుకు ఎగదన్నుకొస్తున్న దగ్గును చేతిరుమాలులో అదుముకుని, కళ్ల నీళ్లతో ఆ మిర్చి రాశి తూకం అయిపోయేదాకా నిలబడ్డారు. అంతసేపు మాట్లాడకుండా ఆయనను నేను అంతకు ముందు చూడలేదు.

రాశి అయ్యాక కొమురయ్య తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. హమాలీలు చుట్టూ చేరారు.

"సమ్మక్క ఏది?"

"నీ మంచం కాస్తున్నది," అన్నారు సార్. "కొమురయ్యా, ఇప్పుడు తీస్తే బతుకుతవు. వచ్చే సీజన్ దాంక ఆగితే ఈ కాంటా ఇంకొకడు పడుతడు. నాకు ఇంతకన్న మంచిగ చెప్పరాదు."

కొమురయ్య తల దించుకున్నాడు. "మచ్చు లేకపాయె. తీసినంక సూపుతవా మరి?" అన్నాడు.

"చూపిస్తం. నీ మనుషులకు చూపించుడు మా రివాజే."

"మావోళ్లకు కాదు. నాకు. నా కండ్లకు."

"నీకే చూపిస్త. నా చేతులతోని."

"సాచ్ఛులు?"

"సాక్షులెందుకయ్యా?"

"సాచ్ఛి లేకుంట తూకం లేదు సారూ. ఎంతమందిని రానిత్తవో చెప్పు. గిట్ల చెయ్యి తే."

కొమురయ్య సార్ చేతిని పట్టుకుని పైన తువ్వాల కప్పాడు. ఆ రోజుల్లో కొన్ని బేరాలు అలాగే జరిగేవి. తువ్వాల కింద ఒక వేలు పట్టుకుంటే ఒకటి, చెయ్యంతా పట్టుకుంటే ఐదు. చుట్టూ ఉన్నవాళ్లకు అంకె తెలియదు. సార్‌కు అది బేరమని కూడా తెలియదు. మనిషి ఒప్పుకున్నాడు, చేయి కలుపుతున్నాడు అనుకున్నారు. సంతోషం పట్టలేక, పెద్ద పెద్ద కాన్ఫరెన్సుల్లో కలిపినట్టు ఆ చేయిని గట్టిగా పట్టుకుని పైకీ కిందికీ ఊపారు. ఊపుతూనే ఉన్నారు. ఊపు ఊపుకూ కొమురయ్య కనుబొమలు పైకి లేచాయి.

"ఖాయమేనా సారూ?"

"ఖాయం! ఖాయం!" అని సార్ ఇంకో రెండు ఊపులు ఊపారు.

"దొడ్డ మనసు," అన్నాడు లింగయ్య.

తిరుగు రైల్లో సార్ కిటికీ పక్కన కూర్చుని, "చూసినవా? మనిషికి మర్యాద ఇస్తే చాలు," అని నాకు ఉపదేశం చేశారు.

సోడా సీసా

కొమురయ్య వచ్చి తన మంచంలో పడుకున్నాడు. ఇక రక్తం కావాలి. కిడ్నీ పక్కనే పెద్ద రక్తనాళాలు ఉంటాయి, చేతిలో సీసాలు లేకుండా సార్ కత్తి పట్టరు. ఆ రోజుల్లో రక్తం అనే మాట ఎత్తగానే పేషెంటు వెంట వచ్చినవాళ్లలో సగం మందికి పశువులకు మేత వేయలేదని గుర్తుకు వచ్చేది. కొమురయ్య మేనల్లుళ్లు ఇద్దరు పండ్లు తెస్తామని వెళ్లారు. పండ్లూ రాలేదు, వాళ్లూ రాలేదు.

ఆపరేషన్ అనుకున్న పొద్దున దవాఖాన ఆవరణలోకి ఒక లారీ వచ్చి ఆగింది. అందులోంచి హమాలీలు దిగడం మొదలుపెట్టారు. దిగుతూనే ఉన్నారు. సార్ వరండాలోకి వచ్చారు.

"ఏం జాతర ఇది?"

లింగయ్య ముందుకొచ్చి దండం పెట్టాడు. "సాచ్ఛులం సారూ. మీరు ఒప్పుకున్నోళ్లం."

"ఇంతమందిని నేనెప్పుడు ఒప్పుకున్న?"

లింగయ్య యాకూబ్ చేయి పట్టుకుని ఊపి చూపించాడు. "గిట్ల ఒక్కపారి ఊపితే ఐదుగురు. మీరు ఊపుతనే ఉంటిరి. ఇంక లారీల పట్టక సగంమందిని యార్డుల్నే ఇడిసి వచ్చినం."

సార్ తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. నేను బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని నవ్వు ఆపుకున్నాను. నేను బయటికి వచ్చేసరికి ఆయన యాకూబ్‌తో పీట తెప్పించి, వరండాలో దాని మీద ఎక్కి నిలబడ్డారు.

"ఇనుర్రి. మాటిచ్చిన, చూపిస్త. అందరికీ చూపిస్త. కానీ నెత్తురు ఇచ్చినోడే సాక్షి. ఇయ్యనోడికి చూపుడు లేదు."

వెనక వరుసలో కొందరు లారీ టైర్లను పరీక్షించసాగారు. కాజీపేటలో చుట్టాలను చూసొస్తామని కొందరు కదిలారు. అప్పుడు వార్డు కిటికీలోంచి కొమురయ్య గొంతు వినబడింది.

"పోయెటోళ్లు పోన్రి. మొకాలు గుర్తు పెట్టుకుంటాన!"

కదిలినవాళ్లు ఆగారు. లింగయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఎంత తీత్తరు సారూ?"

"ఒక్క సీసా."

"కల్లు సీసనా, సోడా సీసనా?"

"సోడా సీసా."

లింగయ్య వెనక్కి తిరిగి, "సోడా సీసనేనట!" అని అరిచాడు. చొక్కా చేయి పైకి మడుచుకుని బ్లడ్ బ్యాంకు వైపు నడిచాడు. మిగతావాళ్లు వెనక కదిలారు. చాలామంది గ్రూపు కొమురయ్యతో కలవలేదు. నష్టం లేదు, వాళ్లది తీసుకుని బ్యాంకువాళ్లు కలిసేది ఇచ్చారు. ఆపరేషన్ మరునాటికి వాయిదా వేశాం. సాక్షులు ఆవరణలోనే రాళ్లు పెట్టి అన్నం వండుకున్నారు.

గారు

ఆపరేషన్‌కు ముందు వార్డుకు వెళ్లి పేషెంటుతో మాట్లాడమని మీకు ఎవరూ గట్టిగా చెప్పరు. నేను చెబుతున్నాను. నాడి, గుండె చూడటం కోసం మాత్రమే కాదు. దేనికి భయపడుతున్నాడో కనుక్కోండి. చావుకు భయపడుతున్నాడని మనం అనుకుంటాం. చాలాసార్లు సంగతి వేరే ఉంటుంది. కొమురయ్య భయం, మేము తప్పు వైపు కోస్తామని. చొక్కా ఎత్తి చూపించాడు. కుడి డొక్క మీద, బస్తాలకు గుర్తు వేసే నల్లరంగుతో లింగయ్య ఇంత పెద్ద గీత గీసి ఉన్నాడు. థియేటర్లో సిస్టరు స్పిరిట్‌తో ఎంత రుద్దినా అది పోలేదు. "ఉండనీ అమ్మా, తప్పు వైపు లేదు గదా," అన్నారు సార్. ఇప్పుడు మీరు పెన్నుతో గుర్తు పెట్టి ముగ్గురు సంతకాలు చేస్తున్నారని విన్నాను. మంచి పని.

కొమురయ్యను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాం. సార్ పీట ఎక్కారు. వెన్ను దగ్గరి నుంచి పొట్ట దాకా కోత, కింది పక్కటెముక తీసేయడం, అప్పటి పద్ధతి అదే. లైటు సరిగా లేదని యాకూబ్‌ను, దారం సన్నగా ఉందని సిస్టరును, ఊరికే నన్నూ తిట్టారు. అంతా బాగుందని నేను బీపీ చూసుకుంటున్నాను.

"డాక్టర్ సుశీల గారూ," అన్నారు సార్. "ఆయన ఎట్లున్నరండీ?"

నా వేళ్ల కింద నాడి అప్పటికే పలచబడుతోంది. పెద్ద సిరకు కట్టిన ముడి జారింది. యాకూబ్ చెప్పకుండానే గోరువెచ్చని నీళ్ల బకెట్లోంచి సీసాలు తీసి అందిస్తున్నాడు. ఒకటి అయ్యేలోపు ఇంకోటి తగిలించాను. రెండో చేతికి కూడా ఎక్కించాను. నిన్న ఆవరణలో అన్నం వండుకున్నవాళ్లే లేకపోతే మూడో సీసా దగ్గర మా చేతులు ఆగిపోయేవి.

"సిస్టర్ గారూ, ఇంకొక క్లాంపు ఇప్పించండి. దయచేసి."

దయచేసి అనే మాట ఆయన నోట నేను మొదటిసారి విన్నాను. నాడి దొరకడం లేదు. మెడ దగ్గర వెతుక్కున్నాను. అక్కడ ఉంది, సన్నగా.

ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి సార్ గొంతు థియేటరంతా మోగింది. "యాకూబూ! ఆ లైటు నా నెత్తి మీద పెట్టినవేందిరా? నా జుట్టుకు ఆపరేషన్ చేస్తున్ననా?"

సిస్టరు కళ్లు తుడుచుకుంది. నాడి నెమ్మదిగా నా వేళ్ల కిందికి తిరిగి వచ్చింది.

తూకం

యాకూబ్ ట్రే పట్టుకుని తలుపు తీశాడు. మోచేతుల మీద దూది పట్టీలతో సాక్షులు వరండా చివరిదాకా వరుసలో నిలబడి ఉన్నారు. మార్కెట్లో సరుకు చూసినట్టే వంగి, పక్కల నుంచి చూసి, ఒకరితో ఒకరు సంప్రదించుకున్నారు.

"పై సగం మంచిగున్నది. కింది సగం పుచ్చింది," అని లింగయ్య తీర్పు చెప్పాడు. "తీసుడే నయం." తరువాత కిడ్నీనీ, అదే వంపుతో ఉన్న ట్రేనూ మార్చి మార్చి చూసి, "కొమురన్నది తీసినంక దాని కొలతకే గిన్నె చేపిచ్చిన్రా?" అని అడిగాడు.

కిడ్నీని పరీక్షకు పంపమని పెథాలజీ నుంచి మనిషి వచ్చి నిలబడ్డాడు. "ముందు దాని యజమాని చూడాలె," అని సార్ అతన్ని కూర్చోబెట్టారు.

కొమురయ్య కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "ఏది?"

సార్ స్వయంగా ట్రేను అతని ముఖం దగ్గర పట్టుకున్నారు. కొమురయ్య చాలాసేపు చూశాడు. పెదవులు తడుపుకున్నాడు.

"తూకమెంత?"

ఇంత చేసి దాన్ని ఎవరూ తూచలేదు. దడువాయి కిడ్నీ తూకం లేకుండా పోతోంది. యాకూబ్ పరుగెత్తి కాన్పుల వార్డు నుంచి పసిపిల్లలను తూచే కాంటా పట్టుకొచ్చాడు. ఏం పుట్టిందని అక్కడి ఆయా అడిగితే, "కొమురయ్యకు కిడ్నీ" అని చెప్పి వచ్చాడట. కాంటాను మంచం పక్కన పెట్టి బరువు చదివాడు.

"ముల్లు ఆగనియ్యి," అన్నాడు కొమురయ్య మూసుకుపోతున్న కళ్లతో. "ట్రే బరువు తీసేసినవా?"

తీసేయలేదు. మళ్లీ తూచాం. ట్రే బరువు అడిగిన మనిషి బుర్రలో మత్తేమీ మిగల్లేదని రాసి నేను కేసు షీటు మూసేశాను.

కొమురయ్య సెలైన్ లేని చేతిని నుదుటి దాకా తీసుకుపోయి ట్రేకు దండం పెట్టాడు. "ఇన్నేండ్లు మంచిగ పని జేసినవ్. ఇగ పో," అన్నాడు.

సమ్మక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే, "నన్ను గూడ ఒక్కనాడన్న గా మాటనవైతివి," అంది.

నేను రిటైరయ్యేదాకా కొమురయ్య ఏటా కందుల కాలంలో ఒక సంచి మోసుకుని వచ్చేవాడు. ఎంత ఉన్నాయని అడగకముందే బరువు చెప్పేవాడు.

తలుపు ఇవతల

నాలుగేళ్ల కింద ఒక పొద్దున ఫోను మోగింది. సార్ రిటైరై అప్పటికి చాలాకాలం. ఫోను చేసినప్పుడల్లా, "బతికున్నవా, నీకు నువ్వే మత్తిచ్చుకున్నవా?" అని మొదలుపెట్టేవారు. ఆ రోజు అలా అనలేదు.

"డాక్టర్ సుశీల గారూ, నేను నరహరిని. మీకు వీలవుతదా అండీ? జర మాట్లాడాలె."

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. "రక్తం ఎక్కడ సార్?" అన్నాను.

"మూత్రంల," అన్నారు.

హైదరాబాదులో రోబోతో ఆపరేషన్ అన్నారు. సర్జను గది మూలన కూర్చుని, ఒక పెట్టెలో తలపెట్టి చూస్తూ, మీటలు తిప్పుతాడు. పేషెంటు మీద యంత్రం చేతులు పనిచేస్తాయి. చిన్న చిన్న రంధ్రాలు చాలు. కుర్రసర్జను ఇదంతా వివరిస్తుంటే సార్ శ్రద్ధగా విన్నారు. "కూసోనే చేస్తరన్నమాట. పీట అవసరం లేదు," అన్నారు. కుర్రవాడికి అర్థం కాలేదు.

నేను మొదటిసారి థియేటర్ తలుపుకు ఇవతల కూర్చున్నాను. లోపల ఉన్నన్నాళ్లూ నాడి నా చేతిలో ఉండేది. ఇక్కడ ఏమీ లేదు. తలుపు కదిలితే చాలు, ఎవరి పేరు పిలిచినా లేచి నిలబడ్డాను. మా వరండాలో అందరూ ఎందుకు లేచేవారో అప్పుడు తెలిసింది. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లను ఒకరోజు అక్కడ కూర్చోబెట్టాలి. పరీక్షల కన్నా అది ఉపయోగం.

కుర్రసర్జను బయటికి వచ్చి, అంతా బాగా జరిగిందని, గడ్డను మాత్రం తీసి కిడ్నీని ఉంచామని చెప్పాడు. వీడియో చూపిస్తానని ఫోను తీశాడు.

"ఫోను వద్దు బాబూ. ట్రే తీసుకురా."

"ఇప్పుడు ఎవరూ అడగరు మేడం."

"నేను అడుగుతున్నాను."

తెచ్చాడు. చిన్న గడ్డ. కొమురయ్యది బస్తా అనుకుంటే ఇది ఒక పిడికెడు మచ్చు. నేను వంగి, పక్కల నుంచి కూడా చూశాను.

మంచం దగ్గరికి వెళ్లేసరికి సార్ కళ్లు మూసుకుని ఉన్నారు. మందుల వాసన, యంత్రాల చప్పుడు. అలవాటు కొద్దీ మణికట్టు మీద వేళ్లు పెట్టాను. ఏ మాట వస్తుందోనని నాకు భయంగా ఉంది. ఆయన ఒక కన్ను తెరిచారు.

"ఏం చూస్తున్నవు గట్ల? చూపించిన్రా?"

"చూపించారు సార్."

"తూకమెంత?"

అడగలేదని చెప్పాను.

"అడగలేదా! ఇన్నేండ్లు నా పక్కన నిలబడి ఏం నేర్చుకున్నవు నువ్వు? నిద్రపోయినవా అక్కడ?" అని బొంగురు గొంతుతోనే తిట్టడం మొదలుపెట్టారు. నర్సు కంగారుపడి పరుగెత్తుకొచ్చింది. ఆయనను తిట్టనివ్వమని చెప్పి, నేను గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆ గడ్డ మళ్లీ రాలేదు. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం పేపరు చదువుతూ కుర్చీలోనే పోయారు, గుండె ఆగి. నాకు ఫోను చేసే వ్యవధి ఆయనకు లేకపోయింది.

ఇప్పుడు నన్ను తిట్టేవాళ్లు లేరు. సభలకు పిలుస్తారు, వేదిక మీద కూర్చోబెడతారు, మైకులో "డాక్టర్ సుశీల గారు" అంటారు. ఆ మాట వినబడినప్పుడల్లా నా వేళ్లు ఇంకా నాడి కోసం వెతుకుతాయి.